తాగుతాడు, తాగేవాడు

ఈరోజు మన ఇంటి తెలుగు గురించి నాలుగు మాటలు.

నా మనవరాలు ఫోన్లో స్పానిష్ నేర్చుకుంటోంది. మొదట నేర్పేవి రోజూ చేసే పనులే: లేవడం, స్నానం, కాఫీ. "మె లెవాంతో ఆ లాస్ సింకో" అంటే అయిదింటికి లేస్తాను అని. ఇది అలవాటు అని తేల్చి చెప్పాలంటే "సువేలో" అనే మాట చేరుస్తారు. "సువేలో తోమార్ కఫే" అంటే కాఫీ తాగడం నాకు అలవాటు.

మనకు "తాగుతాను" ఒక్కటే చాలు. రోజూ తాగుతాను, రేపూ తాగుతాను. తమిళంలో "కుడిప్పేన్" కూడా అంతే. ఇంతవరకు రెండూ ఒకే దారి.

దారి చీలేది పోయిన కాలపు అలవాటు దగ్గర. స్పానిష్‌లో "తోమో" అంటే ఒకసారి తాగాడు, "తోమాబా" అంటే ఆ రోజుల్లో తాగేవాడు. మనకూ తాగాడు, తాగేవాడు అని రెండున్నాయి. తమిళంలో మాత్రం పోయిన తాతనైనా, ఎదుట ఉన్న తాతనైనా "దినముం కాపి కుడిప్పార్" అనవచ్చు. ముందు "అప్పోదు" అని పెడితే పాత సంగతి అని తెలుస్తుంది. నేను చదివింది తమిళ మీడియం, ఆ భాష మీద నాకు కోపం లేదు. దాని పద్ధతి దానిది.

కానీ మన పిల్లలు ఆ పద్ధతినే తెలుగులోకి తెస్తున్నారు. ఎప్పుడో పోయిన తాతను "అప్పుడు తాత రోజూ కాఫీ తాగుతాడు" అంటున్నారు. చాలా ఇళ్ళల్లో విన్నాను.

మన ఊరి సంగతే చూడండి. మాట్టుతావణి అనే పేరులోనే పశువుల సంత ఉంది. అక్కడ సంత జరిగేది. 1999లో బస్టాండు వచ్చింది. వైగై ఎక్స్‌ప్రెస్ 1977 ఆగస్టు 15న మొదలైంది. పొద్దున్నే మద్రాసుకు బయలుదేరేది. వచ్చింది, మొదలైంది అన్నవి ఒక్కనాటి మాటలు. జరిగేది, బయలుదేరేది అన్నవి ఏళ్ళ తరబడి నడిచిన మాటలు.

మన పెద్దవాళ్ళలో చాలామంది చరిత్రకెక్కే పనులు చేయలేదు. పొద్దున్నే లేచేవాళ్ళు, వాకిట్లో ముగ్గు వేసేవాళ్ళు, వచ్చినవాళ్ళకు అన్నం పెట్టేవాళ్ళు. వాళ్ళ బతుకంతా ఈ "-ఏవాళ్ళు"లోనే ఉంది. అది పోతే వాళ్ళను తలుచుకునే మాటే పోతుంది.

దీనికి తెలుగు బడి అక్కర్లేదు. రాత్రి అన్నాలప్పుడు పిల్లలను ఒక్కటి అడగండి: "అవ్వ ఏం చేసేది?" జవాబు "చేసేది" అని వచ్చేదాకా అడగండి.