గూడుబండిలో ఐస్‌లాండు

పిల్లలూ, మీలో గూడుబండి ఎక్కినవారు ఎంతమంది? మా చిన్నతనంలో తిరునాళ్లకు వెళ్లాలంటే గూడుబండే గతి. వెదురు బద్దలు వంచి, పైన చాప కప్పి, లోపల ఎండుగడ్డి పరిచి, దానిమీద దుప్పటి వేసేవారు. ఎడ్లకు దాణా, మనకు బియ్యం, చింతపండు, ఒక ఇత్తడి గిన్నె, కిరసనాయిలు లాంతరు, అన్నీ అందులోనే. పొద్దుగుంకితే చెరువుగట్టున బండి ఆపి, మూడు రాళ్లు పెట్టి వండుకు తిని, బండిలోనే పడుకునేవాళ్లం. ఇల్లు మన వెంటే వచ్చేది.

ఇంజనుతో నడిచే గూడుబండి కూడా ఒకటి ఉన్నది. దాన్ని క్యాంపరు వాను అంటారు. అందులో పరుపులు, చిన్న గ్యాసు పొయ్యి, నీళ్ల తొట్టి, చలికి వెచ్చబెట్టే యంత్రం ఉంటాయి. వచ్చే జూలై చివర, అటువంటి వానులో ఐస్‌లాండు దేశం చూడడానికి మేము బయలుదేరుతున్నాం. ఇంకా బయలుదేరలేదు గనక ప్రయాణ విశేషాలు చెప్పలేను. బయలుదేరే ముందే మా ఇంట్లో ఎంత రభస జరిగిందో అది చెబుతాను.

మా అమ్మాయి, అల్లుడుగారు లండనులో ఉంటారు. వాళ్లకు పదకొండేళ్ల కూతురు, ఎనిమిదేళ్ల కొడుకు. మొన్న డిసెంబరు సెలవులకు అందరూ మా ఊరు వచ్చారు. ఒకనాడు భోజనాలయ్యాక అల్లుడుగారు నట్టింట్లో పెద్ద పటం పరిచి, "మామయ్యగారూ, మీరు ముప్ఫై మూడేళ్లు పిల్లలకు అగ్నిపర్వతాలు పాఠం చెప్పారు. ఒక్కటయినా చూశారా?" అన్నారు. లేదన్నాను. "అయితే చూపిస్తాం," అన్నారు. మా ఆవిడ మాత్రం, "ఆ చలికి నేను రాను. లండనులో అమ్మాయి ఇంటికి కాపలా ఉంటాను," అని ముందే తేల్చేసింది. కాబట్టి మేము అయిదుగురం.

ఐస్‌లాండు అట్లాంటిక్ సముద్రంలో, ఉత్తర ధ్రువ వృత్తానికి కొంచెం దిగువన ఉన్న దీవి. విస్తీర్ణం 1,03,000 చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణ కంటె కాస్త చిన్నది. జనం మాత్రం నాలుగు లక్షలకు లోపే. నేలలో సుమారు పదో వంతు హిమానీనదాల కింద ఉన్నది. ఆ మంచుకింద కొన్నిచోట్ల అగ్నిపర్వతాలున్నాయి! దీవి చుట్టూ ఒకే ఒక రాజమార్గం, 1,300 కిలోమీటర్లకు పైన. అది పూర్తిగా కలిసింది 1974లో. అంతవరకు దక్షిణాన హిమానీనదపు ఏళ్ల దగ్గర దారి తెగిపోయి ఉండేది.

అల్లుడుగారి సెలవు ఏడు రోజులు. ఆయన వేసిన పథకమూ ఏడు రోజులదే. రాజధాని రేక్యవిక్‌లో బయలుదేరి, ఆ దారి పట్టుకుని దీవి మొత్తం చుట్టి, మళ్లీ రేక్యవిక్ చేరడం. "1,300ను 7తో భాగించు," అన్నాను మనవరాలితో. "సుమారు 186 తాతయ్యా," అన్నది. "మన ఊరినించి హైదరాబాదు వెళ్లినంత! ఇదీ ఒక దూరమేనా?" అన్నాడు మనవడు.

నిజమే, కాగితం మీద అది దూరం కాదు. నేను సరేనన్నాను. నిజం చెప్పవద్దూ, దీవి మొత్తం చుట్టాలని అందరికంటె నాకే ఎక్కువగా ఉన్నది. ఉత్తరాన మీవాత్న్ అనే చెరువు దగ్గర నేలలో బురద కుతకుత ఉడుకుతుంది, బిలాలలోంచి గంధకపు వాసనతో ఆవిరి బుసలు కొడుతుంది. అక్కడికి కొద్ది దూరంలో 44 మీటర్ల ఎత్తునించి దెత్తిఫోస్ జలపాతం దూకుతుంది. ఇవన్నీ నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసి గీసి నా చెయ్యి అరిగింది.

ఆ రాత్రే మేము నలుగురమూ, నేనూ పిల్లలూ అమ్మాయీ, ఆ దేశపు రోడ్లశాఖ వారి నిబంధనలు చదవడం మొదలుపెట్టాం. చదివినకొద్దీ 186 కిలోమీటర్లు పొడుగవుతూ వచ్చాయి.

తారు రోడ్డు మీద గంటకు 90 కిలోమీటర్లు, కంకర రోడ్డు మీద 80, అంతకు మించరాదు. వాహనాలు కుడివేపు నడుస్తాయి. 1968 మే 26 వరకు వాళ్లూ మనలాగే ఎడమవేపు నడిచేవారు. ఆ రోజున మార్చుకున్నారు. లండనులో ఎడమవేపు నడపడం అలవాటయిన మా అమ్మాయికి ఇదొక చిక్కు. వంతెనలు కొన్ని ఒక్క బండి పట్టేంత వెడల్పే ఉంటాయి. ఎదుటి బండి ముందు చేరితే మనం ఆగాలి. రాత్రి ఎక్కడపడితే అక్కడ వాను ఆపి పడుకోవడానికి వీలులేదు, డేరాలకూ వానులకూ కేటాయించిన మైదానాలలోనే ఆపాలి. మా నాన్నగారి చెరువుగట్టు పద్ధతి అక్కడ చెల్లదు. రోడ్డు దిగి పచ్చిక మీద బండి నడపడం నేరం. ఆ పచ్చిక నిజానికి పచ్చిక కాదు, నాచు. చల్లని దేశంలో మొక్కలు మెల్లగా పెరుగుతాయి గనక, చక్రం ఒక్కసారి తొక్కిన గాడి మాయడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది.

అన్నిటికన్నా నన్ను ఆకర్షించింది గాలి. అక్కడ గాలివాటుకు ఎదురుగా వాను తలుపు తెరిస్తే, గాలి దాన్ని లాగి మడత బందులతో సహా విరిచేస్తుందట. అద్దెకిచ్చేవారి మామూలు బీమా చాలాసార్లు ఆ నష్టానికి వర్తించదు. "గాలి తలుపును విరుస్తుందా?" అని నవ్వాడు మనవడు. వాణ్ణి కూచోబెట్టి చెప్పాను: గాలి వేగం రెట్టింపయితే అది తోసే బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. వేగం మూడింతలయితే బలం తొమ్మిదింతలు. నీటికీ ఇదే లెక్క.

నీరు అనగానే అల్లుడుగారికి ఇంకొక సంగతి గుర్తుకొచ్చింది. దీవి నడుమ ఆస్క్యా అని ఒక అగ్నిపర్వతం ఉన్నది. చంద్రుడి మీదికి పంపడానికి ఎంచిన అమెరికా వ్యోమగాములు 1965లోనూ 1967లోనూ అక్కడికి వచ్చి, రాళ్లను గుర్తుపట్టడం నేర్చుకున్నారు. అది చూసి తీరాలన్నది ఆయన కోరిక. కాని లోపలి కొండదారులలో చాలాచోట్ల వంతెనలు ఉండవు. ఏళ్లలో దిగి దాటాలి. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి అయితేనే ఆ దారులకు అనుమతి. ఏటిలో బండి పాడయితే ఆ ఖర్చు మనదే.

"అటువంటి వానే తీసుకుందాం. రెండు మూడు వాగులేగా మామయ్యగారూ, దాటేద్దాం," అన్నారు అల్లుడుగారు.

నా చేతిలో పెన్సిలు ఆగిపోయింది. ఆ "దాటేద్దాం" అన్న మాట నేను అంతకుముందు ఒకసారి విన్నాను.

అది 1998, సెప్టెంబరు నెల. అప్పుడు నేను ఖమ్మం జిల్లాలో సైన్సు మాస్టర్ని. వైజ్ఞానిక ప్రదర్శనకు ఇరవైఇద్దరు పిల్లల్ని వానులో తీసుకువెళ్లి, సాయంత్రం తిరిగి వస్తున్నాను. రాత్రి 8 గంటలకల్లా ఇళ్లకు చేరుస్తానని తల్లిదండ్రులకు మాట ఇచ్చాను. ఎగువన వాన పడ్డట్టుంది, దారిలో వాగు చప్టా మీదినించి పారుతున్నది. నీళ్లు మోకాటిలోతు కూడా లేవు. డ్రైవరు బండి ఆపి, "దాటేద్దామా సార్?" అన్నాడు. నేను గడియారం చూశాను. సరేనన్నాను. డ్రైవరు తప్పు లేదు, వాడు నన్ను అడిగాడు.

నడుమకు వెళ్లేసరికి ఇంజను ఆగింది. వెనక చక్రాలు పక్కకు జరగడం నాకు స్పష్టంగా తెలిసింది. అవతలి పొలాల్లోంచి రైతులు మోకులు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. పిల్లల్ని ఒక్కొక్కరినే చేతులమీద దాటించారు. అందరూ క్షేమం. ఒకడు అట్టపెట్టెలో పెట్టుకున్న ఆవిరి పడవ నమూనా మాత్రం కొట్టుకుపోయింది. గట్టున నిలబడి వాడు, "అది నిజంగా తేలేది సార్," అని ఏడ్చాడు. వేగం రెట్టింపయితే బలం నాలుగు రెట్లని ఆ ఏడాదే వాళ్లకు పాఠం చెప్పినవాణ్ణి నేనే.

ఈ సంగతి మా అమ్మాయికి కూడా అంతవరకు తెలియదు. ఆ రాత్రి నట్టింట్లో పటం మీద చెప్పాను. కాసేపు ఎవ్వరూ మాట్లాడలేదు. "ఆస్క్యా వద్దులెండి," అన్నారు అల్లుడుగారు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. కాని మనవరాలు పటం మీద చుట్టు దారిని వేలితో రాస్తూ, "తాతయ్యా, ఈ దారి ఒకచోట తెగిందనుకో. మనం ఎట్లా వెనక్కి వస్తాం?" అని అడిగింది.

"దేశంలోకెల్లా పెద్ద రోడ్డు ఎందుకు తెగుతుందే?" అన్నాడు తమ్ముడు.

తెగుతుంది. తెగింది కూడా. వాత్నాయోకుల్ అనేది యూరపులోకెల్లా పెద్ద హిమానీనదాలలో ఒకటి. 1996 సెప్టెంబరు 30న దాని అడుగున అగ్నిపర్వతం పేలింది. ఆ వేడికి మంచు కరిగింది, కాని నీరు వెంటనే బయటికి రాలేదు. నెలకు పైగా మంచు మూత కింద ఒక గుంటలో చేరుతూ వచ్చింది. నీరు నిండిన కొద్దీ పైన మంచు తేలి, ఉడికే గిన్నె మీద మూత లేచినట్టు లేచింది. నవంబరు 5న ఒక్కసారి విరుచుకుపడ్డది. ఉద్ధృతంగా ఉన్నప్పుడు సెకనుకు సుమారు 45,000 ఘనపు మీటర్లు ప్రవహించిందని అంచనా. మన లెక్కలో అది దాదాపు 16 లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరం దగ్గర గోదావరి 13 లక్షలకు చేరితే రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు, ఇక చూసుకోండి! ఇళ్లంతేసి మంచుగడ్డలు కొట్టుకొచ్చి వంతెనలు ఊడబెరికాయి. మెలితిరిగిన ఇనుప దూలాలను జ్ఞాపకంగా రోడ్డు పక్కనే ఉంచారు. ఇటువంటి వరదకు ఐస్‌లాండు వాళ్లు పెట్టిన పేరు యోకుల్‌లాప్. ఇతర దేశాల భూగర్భ శాస్త్రజ్ఞులు కూడా ఆ పేరు వాడుతారు. 2011 జూలైలో, సరిగ్గా యాత్రికులు తిరిగే రోజుల్లో, మరొక హిమానీనదం కిందనించి వరద వచ్చి అదే రోడ్డు మీద ఇంకొక వంతెన పోయింది. తాత్కాలిక వంతెన కట్టేదాకా బండ్లను పెద్ద లారీల మీద ఏరు దాటించారు.

చుట్టు దారి ఒక మొలతాడు లాంటిది. ఒకచోట తెగితే అవతలి పక్కకు చేరడానికి నడుం మొత్తం చుట్టి రావాలి. అల్లుడుగారి ఏడు రోజుల పథకంలో అందుకు ఒక్క పూట కూడా లేదు.

అప్పుడు నేను అన్నాను, "సగం దారే వెళ్దాం." రేక్యవిక్‌నుంచి దక్షిణ తీరం వెంట, మంచుగడ్డలు తేలే యోకుల్సార్లోన్ మడుగుదాకా సుమారు 380 కిలోమీటర్లు. పోనూరానూ 760. అయిదు రోజులు చాలు, రెండు రోజులు ఖాళీగా మిగులుతాయి. "వెళ్లాక మన వెనక వంతెన పోతే?" అన్నది మనవరాలు, వదలకుండా. అదీ లెక్క వేశాం. ఉత్తరం మీదుగా చుట్టి రావాలంటే 900 పైచిలుకు కిలోమీటర్లు. గంటకు సగటున 70 అనుకుంటే 13, 14 గంటల నడక. నడిపేవాళ్లు ఇద్దరు, చేతిలో రెండు ఖాళీ రోజులు. సరిపోతుంది.

"మీవాత్న్ పోయినట్టేనా నాన్నా? మళ్లీ ఎప్పుడు వస్తావు?" అన్నది అమ్మాయి.

నాకు అరవై ఆరేళ్లు. మోకాళ్లు ఇప్పటికే మొరాయిస్తున్నాయి. మళ్లీ వస్తానని నేను అనలేదు. ఉడికే బురదను రబ్బరుతో నేనే చెరిపేశాను. కష్టంగానే ఉన్నది. ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు కూడా.

పూర్తిగా నష్టపోలేదులెండి. థింగ్వెట్లిర్ దగ్గర భూమి పలకలు రెండు ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున దూరం జరుగుతున్నాయి; ఆ చీలిక పక్కన నడుస్తాం. స్ట్రోక్కుర్ అనే వేడినీటి బుగ్గ అయిదు పది నిమిషాలకొకసారి ఆకాశంలోకి ఎగజిమ్ముతుంది. జూలై చివర సూర్యుడు రాత్రి 11 గంటల ప్రాంతాన గాని అస్తమించడు, 4 దాటగానే మళ్లీ వస్తాడు. అంచేత కళ్లకు కట్టుకోవడానికి నల్లగుడ్డలు కుట్టించమని మా ఆవిడతో చెప్పాను. ఎంత చలి వేసినా వంటపొయ్యి వెలిగించి వానులో చలి కాచుకోకూడదని కూడా రాసుకున్నాం. మూసిన బండిలో కార్బన్ మోనాక్సైడు చేరితే, దానికి వాసన కూడా ఉండదు గనక, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

పనులు కూడా పంచుకున్నాం. పొద్దున్నే వాతావరణమూ, రోడ్ల పరిస్థితీ చూసి చదివి వినిపించడం మనవరాలి పని. రోడ్డు మూసేశారంటే ఆ రోజు వెళ్లమనే అధికారం ఎవ్వరికీ లేదు, తాతయ్యకు కూడా. మనవడికి తలుపుల ఉద్యోగం ఇచ్చాం. వాను ఆగగానే గాలి ఎటునించి వస్తున్నదో చెప్పాలి, ఆ తరవాత రెండు చేతులతో గట్టిగా పట్టుకుని తలుపు తియ్యాలి.

వాళ్లు లండను వెళ్లి నెల దాటింది. నిన్న అమ్మాయి ఫోను చేసింది. వాడు ఇంట్లో బట్టల బీరువా కూడా రెండు చేతులతోనే తెరుస్తున్నాడట.