సాయిబు ఊపిరి

మిరపకాయలమ్మిన డబ్బుతో మా అబ్బా ఫియస్టా రికార్డు ప్లేయర్ కొన్నాడు. అబ్బా ఇప్పుడు లేడు. అది నా దగ్గరుంది. ఫజర్ నమాజయ్యాక ముల్లు దించుతాను. ముందు చిటపటలు, తర్వాత సన్నాయి. నిమిషానికి ముప్పైమూడు చుట్లు తిరుగుతూ షేక్ చినమౌలానా సాబ్ మా ఇంటికొస్తాడు.

ఆయన 1924లో ఒంగోలు పక్క కరవదిలో పుట్టాడు. మాది ఆ పక్క ఊరే. శ్రీరంగంలో స్థిరపడి రంగనాథుడికి నాదస్వరం వినిపించిన సాయిబు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి. 1999లో పోయాడు.

1993లో గుంటూరులో అద్దె ఇల్లు వెతుకుతూ ఓ గుమ్మమెక్కాను. లోపల్నించి అదే సన్నాయి! ప్రాణం లేచొచ్చింది. ఇల్లుగలాయన మర్యాదగా కూచోబెట్టాడు, మంచినీళ్లిచ్చాడు. పేరడిగాడు. చెప్పాను.

"సాయిబులకివ్వమండీ, ఏమనుకోకండి."

లోపల సన్నాయి ఆగలేదు.

ఇంటికొచ్చి చెప్తే అబ్బా రికార్డు తీసి, మెత్తటి గుడ్డతో తుడుస్తూ అన్నాడు: "సాయిబు ఊపిరి లోపలికెళ్లొచ్చు. సాయిబు వెళ్లకూడదు. అంతేగా బేటా!"

మావాళ్లు మాత్రం తక్కువా? "గుడి వాయిద్యం నీకెందుకురా" అని మొహమ్మీదే అడిగారు. అక్కడ నా పేరు అడ్డం, ఇక్కడ నా చెవులు అడ్డం.

ఎవరికని జవాబు చెప్పను? రికార్డు తిరగేసి రెండోవైపు పెడతాను. కరవది నాది. నమాజు నాది. ఈ సన్నాయీ నాదే.