మధురవాడ నక్కలు

అదృష్టవంతుణ్ణి చూస్తే నక్క తోక తొక్కి వచ్చాడంటాం. మొన్న ఆదివారం మధురవాడ దగ్గర, కంబాలకొండ అంచున ఒక తాతతో నడుస్తూ ఆ మాటే అని నవ్వాను. తాత నవ్వలేదు.

"మేకపిల్లలు పోతున్నాయని కుర్రతనంలో వాటికి ఉచ్చు పెట్టాను, బాబూ" అన్నాడు.

గడ్డిదుబ్బు మొదట్లో వాలుగా చిన్న గొయ్యి తవ్వి, అడుగున ఎండుచేప ఉంచేవాడట. నక్కకు మిగిలిన తిండిని పాతి దాచుకునే అలవాటుంది. ఆ గొయ్యిని చూసి, మరో నక్క దాచిన తిండి కాబోలనుకుని వస్తుంది. ముందర జల్లించిన మట్టి కింద ఇనప పళ్ల ఉచ్చు! మనిషి వాసన తగిలితే మటుకు రాదు. అందుకని చేతులకు మట్టి పూసుకునేవాడట.

"ఒకనాడు పడింది నక్క కాదు, మా ఇంటి కుక్క. కాలు పోయింది. మేకపిల్లల్ని నక్కే పట్టుకుపోయిందని నేను కళ్లారా చూశానా?"

ఆనాడే ఉచ్చును పాడుబావిలో పారవేశాడు.

ఇప్పుడు నక్కను పట్టడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి అండ. 2002లో సుమారు 70 చదరపు కిలోమీటర్ల కంబాలకొండ అభయారణ్యమైంది. చేలలో ఎలుకల్ని తిని రైతుకు మేలు చేసేదీ ఆ నక్కే కదా!

చీకటి పడుతుండగా కొండమీదనుంచి ఊళ వినిపించింది. తాత ఆగి చెవి ఒగ్గాడు.

"ఉన్నాయి బాబూ, ఇంకా ఉన్నాయి!"

ఆ రాత్రి నేనూ నక్క తోక తొక్కినట్టే ఇల్లు చేరాను.