మునేటి ఒడ్డు నుండి కొలాబాకు

విజయవాడ నుండి హైదరాబాదు పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద కీసర వద్ద మునేరు దాటితే నందిగామ, ఇంకా ముందుకు సాగితే జగ్గయ్యపేట వస్తాయి. మన పెద్దలు ఇప్పటికీ దీనిని తొమ్మిదో నంబరు రోడ్డు అనే అంటారు. 2022 ఏప్రిల్ నుండి ఈ ప్రాంతం ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరింది గాని, అంతకుముందు తరాలకు ఇది కృష్ణా జిల్లా మెట్ట. డెల్టావారికి కృష్ణ కాలువ ఉన్నది. మనకు నాగార్జునసాగర్ ఎడమ కాలువ చివరి నీళ్ళు, వాన మీద ఆధారపడిన పత్తి, మిరప. రెండెకరాల చేను ముగ్గురు కొడుకులకు చాలదు గనుక ఒకడు సేద్యం చూచుకుంటే, ఒకడు సిమెంటు ఫ్యాక్టరీకి, మరొకడు మిలటరీకి పోవడం మన ఇళ్ళలో చూస్తున్నదే.

కొడుకు మిలటరీలో చేరినప్పుడు ఊరంతా సంతోషిస్తుంది. అయితే పెళ్ళయి పిల్లలు పుట్టిన తరువాత అతనికి పెద్ద నగరానికి బదిలీ వస్తే ఆ ఇంట్లో ఏమి జరుగుతుందో ఎవరూ అంతగా మాట్లాడుకోరు. ఆ సంగతులు మన కుటుంబాలకు ఉపయోగపడతాయని ఇది వ్రాస్తున్నాను.

మా అక్క కొడుకు నౌకాదళంలో పెట్టీ ఆఫీసరు. విశాఖపట్నంలో భార్యాపిల్లలతో సర్కారు క్వార్టర్లో ఉండేవాడు. 2023 వేసవిలో అతనికి ముంబయికి బదిలీ అయింది. విశాఖ తూర్పు నౌకాదళానికి కేంద్రమైతే ముంబయి పశ్చిమ నౌకాదళానికి కేంద్రం. ఉత్తర్వు వచ్చిన వెంటనే ఇంట్లో తేలవలసిన ప్రశ్న ఒకటే: కోడలు, ఇద్దరు పిల్లలు అతనితో వెళ్ళాలా, నందిగామ దగ్గరి మా అక్క ఇంట్లో ఉండాలా?

ముంబయిలో సర్కారు క్వార్టరు కోరేవారి జాబితా పొడుగు. వరుస వచ్చేదాకా కుటుంబాన్ని తెచ్చుకోదలిస్తే బయట ఇల్లు అద్దెకు తీసుకోవాలి. క్వార్టరు ఇవ్వనప్పుడు ఇంటి అద్దె భత్యం ఇస్తారు. 2024 జనవరి నుండి ముంబయి, హైదరాబాదు వంటి పెద్ద నగరాల్లో ఇది మూలవేతనంలో 30 శాతం, విజయవాడ, విశాఖ తరగతిలో 20 శాతం, మన నందిగామ వంటి ఊళ్ళలో 10 శాతం. అంటే 30 వేల మూలవేతనానికి ముంబయిలో 9 వేలు. నందిగామలో ఆ సొమ్ముకు మంచి ఇల్లే దొరుకుతుంది. కొలాబాలో ఒక గది కూడా రాదు. అందుకే చాలామంది కల్యాణ్, పన్వేల్ వైపు ఇల్లు చూస్తారు. కల్యాణ్ నుండి ఛత్రపతి శివాజీ స్టేషనుకు సుమారు 54 కిలోమీటర్లు. పొద్దున, సాయంత్రం లోకల్ రైలులో నిలబడి ప్రయాణం. అతను ఓడ మీద సముద్రంలోకి పోయిన రోజుల్లో భాష తెలియని ఇల్లాలు, పిల్లలు ఆ శివారులో ఒంటరిగా ఉండాలి.

అక్కడి పద్ధతి కూడా తెలిసి ఉండాలి. మన ఊళ్ళో నోటి మాటతో ఇల్లు ఇస్తారు. మహారాష్ట్రలో 1999 నాటి అద్దె చట్టం ప్రకారం ఒప్పందం వ్రాతపూర్వకంగా ఉండి రిజిస్టరు కావాలి. సాధారణంగా 11 నెలలకు వ్రాస్తారు. అడ్వాన్సు, బ్రోకరు కమిషను ముందే చెల్లించాలి. మా మేనల్లుడి దగ్గర ఒక బ్రోకరు అడ్వాన్సులో కొంత తీసుకొని, చూపిన ఇల్లు కాక వేరే ఇల్లు ఇస్తానన్నాడు. ఆ సొమ్ము తిరిగి రావడానికి నాలుగు నెలలు పట్టింది. దానితో క్వార్టరు చేతికి వచ్చేదాకా కుటుంబం ఊళ్ళోనే ఉండాలని నిశ్చయించారు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూచుకోవాలని లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఉపమానం ఇటువంటి చోటనే అక్కరకు వస్తుంది.

అలా కోడలు పదకొండు నెలలు అక్క దగ్గర ఉన్నది. ఆ 2023 జూలైలోనే మునేరు పొంగి ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికి నీరెక్కింది, రాకపోకలు నిలిచిపోయాయి. ఆ రాత్రి బియ్యం బస్తాలు అటక మీదికి ఎక్కించింది, అక్కను చేయి పట్టుకొని మెరకకు నడిపించింది ఆ కోడలే. అక్క ఆ మాట ఇప్పటికీ చెబుతుంది.

2024 వేసవిలో క్వార్టరు వచ్చింది. అతను ఓడ మీద ఉన్నందున వారిని దిగబెట్టే పని నాకు పడింది. బదిలీ మీద వెళ్ళేవారికి సామాను ఖర్చు ప్రభుత్వమే ఇస్తుంది. పెట్టీ ఆఫీసరు ఉండే 5వ లెవెలుకు 3,000 కిలోలు, 4వ లెవెలు, అంతకు దిగువవారికి 1,500 కిలోలు. దానికి తోడు మూలవేతనంలో 80 శాతం బదిలీ గ్రాంటు ఉంటుంది. ఈ గ్రాంటును పండుగ సొమ్ములా చూడకూడదు. కొత్త ఊళ్ళో గ్యాస్ కనెక్షను, స్కూలు యూనిఫారాలు, పుస్తకాలు, వర్షాకాలానికి రెయిన్‌కోట్లు, మొదటి నెల వెచ్చాలు అందులోనే గడవాలి.

విజయవాడలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. ఖమ్మం, వరంగల్, సికిందరాబాదు దాటేదాకా పిల్లలు కిటికీ వదలలేదు. ఆ తరువాత స్టేషను బోర్డుల మీద లిపి మారింది. పెద్దవాడు, "తాతయ్యా, ఇక తెలుగు రాదా?" అని అడిగాడు. షోలాపూరు, పూణే దాటి, చీకట్లో ఘాట్ సొరంగాల గుండా దిగి, తెల్లవారకముందే ముంబయి చేరాము.

స్టేషను నుండి టాక్సీ కొలాబా వైపు సాగింది. పూర్వం కొలాబా విడిగా ఉన్న చిన్న ద్వీపం. 1838లో కట్ట రోడ్డు వేసి దానిని బొంబాయితో కలిపారు. ఇప్పుడు ఆ దారి పొడవునా ఖరీదైన దుకాణాలు, హోటళ్ళు. కొంత దూరం పోగానే ససూన్ డాక్ చేపల వాసన వచ్చింది. అది దాటితే చెట్ల మధ్య ఎత్తయిన గోపురంతో ఒక రాతి దేవాలయం కనబడింది. దానిని ఆఫ్ఘన్ చర్చి అంటారు. 1838-42 నాటి మొదటి ఆఫ్ఘన్ యుద్ధంలో చనిపోయినవారి జ్ఞాపకార్థం కట్టి, 1858లో ప్రతిష్ఠించారు. తరువాత ఒక ఆదివారం లోపలికి వెళ్ళి గోడల మీది పేర్లు చూశాను. ఇంటికి దూరంగా చనిపోయినవారి పేర్లవి. వారికీ ఊళ్ళు, వాకిళ్ళు ఉండే ఉంటాయి గదా అనిపించింది.

ఆ దారి చివర నేవీ నగర్ గేటు. కార్డులు చూసి, పాస్ వ్రాసి గాని లోపలికి విడువలేదు. లోపల వరుసగా భవనాలు, చెట్లు, పిల్లలు ఆడుకునే స్థలం, అటూ ఇటూ సముద్రం. దగ్గరలోనే ఐ.ఎన్.హెచ్.ఎస్. అశ్విని నౌకాదళ ఆసుపత్రి, కేంద్రీయ విద్యాలయం, క్యాంటీను. లక్షాధికారులకు కూడా అందని కొలాబాలో ఒక రైతు కొడుకు కుటుంబం సముద్రపు గాలిలో బ్రతుకుతున్నదంటే అది ఆ క్వార్టరు వలననే. గేటు లోపలికీ బయటికీ ఖర్చులో ఉన్న తేడా తెలియక, మన ఊళ్ళో కొందరు మిలటరీ వారికి ముంబయి అంతా చవక అనుకుంటారు. కూరగాయలు, టాక్సీ, బయట వైద్య పరీక్షలు, ఊరికి వచ్చిపోయే ఖర్చు వారికీ నగరపు ధరే.

మన అలవాట్లు కూడా కొన్ని మారాలి. ఊళ్ళో చుట్టాలు చెప్పకుండా వస్తారు. అక్కడ ముందుగా కబురు చేసి పాస్ తీయించాలి. గేటు దగ్గర ఆపితే అవమానమని తలచకూడదు. మన పచ్చళ్ళు ఆ గాలి తేమకు త్వరగా బూజు పడతాయి గనుక ఏడాదికి సరిపడా జాడీలు మోసుకుపోవడం వృథా.

కాగితాల సంగతి మరీ ముఖ్యం. పెళ్ళి, పిల్లల పుట్టుక అతని సర్వీసు రికార్డులో నమోదు అయితేనే భార్యాపిల్లలకు ఆసుపత్రి, క్యాంటీను కార్డులు వస్తాయి. మన ఇళ్ళలో బాప్తిస్మపు పేరు ఒకటి, స్కూలు పేరు ఒకటి, ఆధార్‌లో మరొకటి ఉండటం మామూలే. మా కోడలికి చర్చి వివాహ పత్రంలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకొక పేరు ఉన్నందున రెండు నెలలు తిరిగింది. పెళ్ళి రిజిస్టరులో వ్రాసే రోజునే వధూవరుల పేర్లు, ఇంటి పేరు, పుట్టిన తేదీ స్కూలు సర్టిఫికెట్టుతో సరిచూడమని కాపరిగారిని అడగండి. వ్రాసేటప్పుడు పది నిమిషాల పని.

పిల్లల చదువుకు కేంద్రీయ విద్యాలయాలు పెద్ద ఆధారం. 1963లో 20 రెజిమెంటల్ పాఠశాలలను తీసుకొని ఇవి మొదలయ్యాయి. బదిలీలయ్యే ఉద్యోగుల పిల్లలు ఏ ఊరు పోయినా అదే పాఠాలు చదువుకోవాలన్నదే ఉద్దేశం. అయితే అక్కడ ఇంగ్లీషు, హిందీయే గాని తెలుగు లేదు. మా పెద్దవాడు ఏడాదిలో హిందీ ధారాళంగా మాట్లాడాడు, నాయనమ్మకు ఉత్తరం వ్రాయలేకపోయాడు. అందుకని కోడలు రోజూ రాత్రి తెలుగు బైబిలులో నాలుగు వచనాలు వానిచేత చదివిస్తుంది. భక్తి కోసమూ, భాష కోసమూ అదొక్కటే పుస్తకం ఆ ఇంట్లో ఉన్నది.

నేనున్న పదిహేను రోజుల్లో మేనల్లుడు ఓడ నుండి రాలేదు. కోడలిని, "అమ్మా, అతను లేని ఇంటికి ఇంత దూరం వచ్చి ఏమి లాభం?" అని అడిగాను. ఆమె ఇలా అన్నది: "మామయ్యగారూ, నెలలో వారం రోజులుంటే ఆ వారం పిల్లలకు నాన్న ఉంటాడు. ఊళ్ళో ఉంటే ఏడాదికి రెండు సెలవులే గదా. కాని అత్తయ్య మాటే మనసులో ఉంటుంది."

ఆ భయం ఊరికే పోలేదు. 2024 సెప్టెంబరు మొదట్లో మునేరు మళ్ళీ పొంగింది. ఈసారి అక్క ఒంటరి. ఫోను కలవక కొలాబాలో కోడలు రాత్రంతా కూర్చున్నది. ఓడ మీది కొడుక్కు సంగతే తెలియదు. మా సంఘ యువకులు ఇద్దరు మోకాలి లోతు నీళ్ళలో వెళ్ళి అక్కను మేడ ఉన్న ఇంటికి చేర్చారు. తెల్లవారి వారిలో ఒకడు ఫోను చేసి, "వదినా, పెద్దమ్మ బాగున్నది" అని చెప్పాకనే కోడలు పొయ్యి వెలిగించింది.

అక్కను కూడా ముంబయి రమ్మన్నారు. మూడవ అంతస్తులో రెండు గదుల ఇంట్లో, మాట తెలియని చోట ఉండలేనన్నది. గేదెను అమ్మనన్నది. ఆమెను బలవంతపెట్టడం ధర్మం కాదు. కొడుకు మీద ఆధారపడిన తల్లిదండ్రులుగా రికార్డులో నమోదైతే మిలటరీ ఆసుపత్రిలో వైద్యం దొరుకుతుంది. మనకు దగ్గరగా ఉన్న పెద్దది సికిందరాబాదులోనిది. అక్క పేరు అలా నమోదు చేయించారు. కాని రాత్రివేళ కాలు జారి పడితే సికిందరాబాదు చాలా దూరం, ప్రక్కింటివారే దగ్గర.

కాబట్టి బదిలీ వచ్చిన ఇంట్లో పెద్దలు, పిన్నలు కలిసి కూర్చోండి. క్వార్టరు చేతికి వచ్చిందా, అతను నెలకు ఎన్నాళ్ళు ఇంట్లో ఉంటాడు, పిల్లలు ఏ తరగతి మధ్యలో ఉన్నారు, ఊళ్ళో ఉండిపోయేవారిని ఎవరు చూస్తారు అని అడగండి. మొదటి మూడింటికి జవాబు ఆ కుటుంబమే చెప్పుకోవాలి. నాలుగవదానికి సంఘం కూడా జవాబు చెప్పవచ్చు. మా సంఘంలో ఇప్పుడు మిలటరీలో ఉన్నవారి తల్లిదండ్రుల పేర్లు, పిల్లల ఫోను నంబర్లు ఒక పుస్తకంలో వ్రాసి ఉంచాము. వానాకాలం వస్తే ఏ ఇంటికి ఎవరు వెళ్ళాలో అందులో ఉన్నది. మీ సంఘంలోనూ అటువంటి పుస్తకం ఒకటి పెట్టండి.