పొట్ట లేని గిటారు

మా షికాగో శివార్లలో తెలుగిళ్ళలోకి వాయిద్యాలు రావడానికి స్థిరపడిన దారులు కొన్ని ఉన్నాయి. బడిలో ఆర్కెస్ట్రా ఉంటుంది కాబట్టి వయొలిన్ అద్దెకొస్తుంది. పాట క్లాసులో శృతి కావాలి కాబట్టి కీబోర్డు వస్తుంది. ఇండియా వెళ్ళొచ్చిన ఏడాది వీణ కూడా రావచ్చు. ఎలక్ట్రిక్ గిటారు మాత్రం పెద్దవాళ్ళు తలపెట్టి తెచ్చేది కాదు. పిల్లలు అడుగుతారు, మనం వాయిదా వేస్తాం, వాళ్ళు మళ్ళీ అడుగుతారు. మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో మొదలుపెట్టి తొమ్మిదిలోకొచ్చినా అడగడం మానకపోయేసరికి, ఇక కొనక తప్పదని తేలిపోయింది.

తెలిసినవాళ్ళని అడిగితే సలహాలు రెండు రకాలుగా వచ్చాయి. "పిల్లల సంగతి తెలిసిందేగా అండీ, నాలుగు నెలలు మోగిస్తారు, తర్వాత మంచం కిందకి తోస్తారు. ఆంప్లిఫయరూ సంచీ అన్నీ కలిపి ఒకే పెట్టెలో అమ్ముతారు, అది తెచ్చి పడేయండి" అన్నవాళ్ళు కొందరు. "కొంటే మంచిదే కొనాలి, గిబ్సనో ఫెండరో" అన్నవాళ్ళు ఇంకొందరు. మొదటివాళ్ళ లెక్క 200 డాలర్ల దగ్గర తేలితే, రెండోవాళ్ళది 2,000 దాకా పోతుంది. ఈ రెండింటి మధ్య 250 నుంచి 450 డాలర్ల దాకా పలికే గిటార్ల గురించి ఎవరూ మాట్లాడరు. తిరిగి చూశాక నాకు అర్థమైందేమిటంటే, గిట్టుబాటు బేరమంతా అక్కడే ఉంది.

ఎందుకో చెప్పాలంటే మా నాన్న ప్రశ్నతో మొదలుపెట్టాలి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. చుట్టుపక్కల కచేరీ అంటే వదలకుండా వెళ్ళి విన్న మనిషి ఆయన. వీడియో కాల్‌లో గిటారు బొమ్మ చూపిస్తే, "ఇదేమిటే, పీటచెక్కలా ఉంది! పొట్ట లేకుండా శబ్దం ఎక్కణ్ణుంచొస్తుంది?" అన్నారు.

సరైన ప్రశ్నే. బొబ్బిలి వీణని గొల్లపల్లి కళాకారులు ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు. తీగ అదురుని పైపలకా, కుండలోని గాలీ అందుకుని పెంచుతాయి. కర్ర ఎలా ఎండింది, తొలిచిన చెయ్యి ఎవరిది అన్నది నాదంలో వినబడుతుంది. పొట్ట లేని ఈ సాలిడ్‌బాడీ గిటారులో ఆ పని పికప్‌ది. తీగల కింద అయస్కాంతాలుంటాయి. వాటి చుట్టూ వెంట్రుకంత రాగితీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. పైన ఉక్కు తీగ కదిలితే రాగిచుట్టలో కాస్త విద్యుత్తు పుడుతుంది, దాన్ని ఆంప్లిఫయరు పెంచి వినిపిస్తుంది. ఇక్కడ పొట్ట ఉంటే చిక్కే. స్పీకరు హోరుకి బోలు పెట్టె తానూ అదురుతుంది, ఆ అదురు మళ్ళీ పికప్‌లోకి పోయి కూత పెడుతుంది. ఆ కూత పోగొట్టడానికే నిండు చెక్క పెట్టారు.

"మన శ్రీనివాస్ మాండలిన్‌కి మాత్రం పొట్ట ఉందా నాన్నా?" అన్నాను. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ జంట తీగల మామూలు మాండలిన్ వదిలి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించాడు. మామూలు మాండలిన్‌లో మీటిన స్వరం చప్పున ఆరిపోతుంది, గమకం సాగేంత సేపు నిలవదు. విద్యుత్తు దాన్ని నిలబెట్టింది. ఆ పేరు ఎత్తాక మా నాన్నకి ఇంకేమీ వివరించాల్సిన పని లేకపోయింది. నేరుగా ధర దగ్గరకొచ్చారు. "మరి చెక్కలో ఏమీ లేనప్పుడు అంతంత డబ్బెందుకు పెట్టడం?"

ఈ ప్రశ్నకి జవాబు కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో ఉంది. అక్కడ రేడియోలు బాగుచేసే దుకాణం నడిపిన లియో ఫెండర్‌కి గిటారు వాయించడం రాదు. 1950లో ఆయన బ్రాడ్‌కాస్టర్ అనే సాలిడ్‌బాడీ గిటారు తెచ్చాడు. ఇంకో కంపెనీ డ్రమ్ములకి అలాంటి పేరే ఉండటంతో మరుసటి ఏడాది అది టెలికాస్టర్ అయింది. పలకని యంత్రం మీద కోసి, మెడని నాలుగు మరలతో బిగించాడు. మెడ పాడైతే విప్పి ఇంకొకటి వేసుకోవచ్చు, పికప్ పోతే మార్చుకోవచ్చు. రేడియో మెకానిక్కు బుర్రలోంచే రావాల్సిన ఆలోచన అది. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌దీ అదే పద్ధతి. గిబ్సన్ 1952లో తెచ్చిన లెస్ పాల్‌లో మెడని జిగురుతో అతికించారు, పైచెక్కని వంపుగా మలిచారు. దాని ధర ఎక్కువ కావడానికి ఆ చేతిపని ఒక కారణం. ఫెండర్ రకం మాత్రం పుట్టుకతోనే ఫ్యాక్టరీ సరుకు.

అలాంటి వస్తువుని చవగ్గా చేస్తే తప్పేముంది? 1982 నుంచి ఫెండర్ కంపెనీయే తన నమూనాల్ని స్క్వయర్ పేరుతో తక్కువ ధరకి అమ్ముతోంది. 1957లో కొనేసిన ఎపిఫోన్ పేరు మీద గిబ్సన్ చేస్తున్నదీ అదే. ఈ తరగతి గిటార్లు ఎక్కువగా ఇండోనేషియా, చైనాల్లో తయారవుతాయి. కంప్యూటరు నడిపే యంత్రాలు పలకల్ని కోస్తాయి కాబట్టి కొలతల్లో పెద్ద తేడా రాదు. వీణ మెట్లలాంటి ఫ్రెట్లు ఉండే ఫ్రెట్‌బోర్డు కర్ర కొన్నిటికి మన అడవుల నల్లమద్ది, ఇక్కడ ఇండియన్ లారెల్ అంటారు. రోజ్‌వుడ్ జాతి కలప ఎగుమతుల మీద 2017లో అంతర్జాతీయ ఆంక్షలు వచ్చినప్పుడు చవక గిటార్లవాళ్ళు చాలామంది దీనివైపు తిరిగారు. రెండేళ్ళకి వాయిద్యాలకి సడలింపు ఇచ్చినా, నల్లమద్ది వాడకం ఆగలేదు.

మరి 300 డాలర్ల గిటారుకీ 1,800 డాలర్ల దానికీ తేడా లేదా అంటే, ఉంది. కూలి రేట్లు అటుంచితే, ఆ తేడా చివరి మెరుగులో ఉంటుంది. ఫ్రెట్లన్నీ ఒకే ఎత్తులో నున్నగా అరగదీయడం, తీగలు మెడ మీదకి ఎక్కేచోట ఉండే నట్ గాళ్ళని సరిగ్గా కొయ్యడం, తీగలు తిప్పే కీలు జారకుండా ఉండటం, ఇలాంటివన్నీ మనిషి తీరిగ్గా కూర్చుని చూసుకోవాల్సిన పనులు. చవక గిటారుకి ఆ తీరిక దొరకదు. అందుకే ఒకే మోడల్లో ఒకటి బాగుంటుంది, పక్కది బాగుండదు. రివ్యూలు చదివి ఆన్‌లైన్లో ఆర్డరు పెట్టడం మనవాళ్ళకి అలవాటు. రివ్యూలో ఉండేది మోడల్. మనింటికి వచ్చేది అందులో ఒకానొకటి.

కాబట్టి దుకాణానికి వెళ్ళాలి. మా ఊరి దుకాణంలో కుర్రాడు ముందు కేబుల్ పెట్టనివ్వలేదు. ఉత్తినే మీటి చూడమన్నాడు. ఆరు తీగల్నీ ప్రతి ఫ్రెట్ దగ్గరా నొక్కి మీటితే, ఎక్కడ ఫ్రెట్ ఎత్తు తప్పిందో అక్కడ జరజరమంటుంది. మెడ అంచు వెంట అరచెయ్యి జార్చి చూడమన్నాడు, గీరుకోకూడదు. గిటారుని కంటి ఎదుట పట్టుకుని తల వైపు నుంచి మెడ పొడవునా చూస్తే మెలి ఉంటే తెలిసిపోతుంది. పన్నెండో ఫ్రెట్ మీద తీగని తాకీ తాకకుండా వేలు పెట్టి మీటిన స్వరమూ, అక్కడే నొక్కి మీటిన స్వరమూ ఒకటే కావాలి. శృతి చేసి, తీగని గట్టిగా పక్కకి లాగి వదిలాక మళ్ళీ చూడాలి. ఇవన్నీ అయ్యాక కేబుల్ పెట్టి, నాబ్‌లు తిప్పి, గరగర లేదని చూసుకోవాలి. ఇంతా చేస్తే పావుగంట. వాయించడం రానివాళ్ళు కూడా చెయ్యగల పరీక్షలే.

పికప్‌ల సంగతి విడిగా చెప్పాలి. ఒంటి చుట్ట పికప్ స్వరం గాజులా తేటగా ఉంటుంది కానీ, గోడలో కరెంటు గొణుగుడు కూడా పట్టేస్తుంది. ఇక్కడి కరెంటు 60 సైకిళ్ళది, మనదేశంలో 50. అంటే ఇండియా తీసుకెళ్ళినా గొణుగుడు పోదు, కాస్త మంద్రంగా వినబడుతుందంతే. 1950ల నడుమ గిబ్సన్‌లో సెత్ లవర్ రెండు చుట్టల్ని ఎదురెదురు దిశల్లో పెట్టి వాటి గొణుగుళ్ళు ఒకదాన్నొకటి కొట్టేసుకునేట్టు చేశాడు. అదే హంబకర్, స్వరం లావుగా ఉంటుంది. ఏ రకం సంగీతం పట్టుబడుతుందో తెలియని పిల్లలకి, తీగల కింది కొస ఆనే బ్రిడ్జి దగ్గర ఒక హంబకరూ, మిగతా రెండూ ఒంటి చుట్టలూ ఉన్న గిటారు నయం. మేం తెచ్చిన యమహా పసిఫికా 112 అలాంటిదే. దాని పక్కనున్న స్క్వయర్ రంగు మా అమ్మాయికి ఎక్కువ నచ్చింది. మెడ చేతికి అమరింది మాత్రం పసిఫికాదే. రంగా మెడా అన్నది తననే తేల్చుకోమన్నాం. కాసేపు మొహం ముడుచుకుని మెడకే ఓటేసింది.

షికాగోలో గిటారు కొనేవాళ్ళు చలికాలాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. తేమ గాలిలో తయారైన మెడ ఇక్కడి జనవరిలో, హీటరు వేడికి, ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్ళ చర్మంలాగే ఎండిపోతుంది. కర్ర కుంచించుకుంటుంది, ఫ్రెట్ల లోహం తగ్గదు. దాంతో ఫ్రెట్ల కొసలు అంచు దాటి బయటికి పొడుచుకొస్తాయి. గదిలో తేమ 45, 50 శాతం దగ్గర నిలిపితే సగం బాధ తీరుతుంది. మిగతా సగం సెటప్ చేసేవాళ్ళ చేతిలో ఉంది. వాళ్ళు మెడ లోపలి ట్రస్ రాడ్ తిప్పి వంపు సరిచేస్తారు, తీగల ఎత్తు దించుతారు, కొసల్ని ఆకురాయితో అరగదీస్తారు. 60, 70 డాలర్లవుతుంది. ఫ్యాక్టరీ పెట్టని తీరికని మనం విడిగా కొనుక్కోవడమే ఇది. తీగలు ఎత్తుగా ఉండి వేళ్ళు కోసుకుపోతే పిల్లలు గిటారు మానేస్తారు. పెద్దవాళ్ళు దానికి శ్రద్ధ లేదని పేరు పెడతారు. గిటారు మంచం కిందకి పోతుందని భయపడేవాళ్ళు ముందు పెట్టాల్సిన ఖర్చు ఇదే.

ఆంప్లిఫయరు చిన్నది చాలు, హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం ఉంటే. కరెంటు లేకుండా ఈ గిటారు పక్క గదికి కూడా వినబడదు. వయొలిన్ మొదటి ఏడాది గడిపిన ఇళ్ళవాళ్ళకి ఈ సుఖం విలువ తెలుస్తుంది.

మా నాన్నకి ఇచ్చిన జవాబూ, ఎవరైనా అడిగితే చెప్పేదీ ఒకటే. పికప్‌లు, కీలు, నట్, బ్రిడ్జి అన్నీ తర్వాత ఒక్కొక్కటిగా మార్చుకోవచ్చు, స్క్రూడ్రైవరూ కాస్త టంకమూ చాలు. నిఖార్సుగా ఉండాల్సిందల్లా మెడ. అది తిన్నగా ఉండి, పిల్లల చేతికి అమిరితే, తల మీద ఏ పేరున్నా తెచ్చేయండి. మిగిలిన డబ్బు పాఠం చెప్పే గురువుకివ్వండి.