పెట్టుడు గోళ్ళు పీకకండి, నానబెట్టండి

మా గగన్‌పహాడ్‌లో ఒకప్పుడు గోళ్ళకి రంగంటే ఆషాఢంలో పెట్టుకునే మైదాకే. గోరింటాకుని మా వైపు మైదాకు అంటాం లెండి. 2008లో శంషాబాద్ విమానాశ్రయం వచ్చాక మా బెంగుళూరు రోడ్డు రూపమే మారిపోయింది. ఆరాంఘర్ నుంచి శంషాబాద్ దాకా ఎన్ని ఫంక్షన్ హాళ్ళో, ఎన్ని బ్యూటీ పార్లర్లో! ఇప్పుడు పెళ్ళికూతురికి పూలజడ, మేకప్‌తో పాటు పెట్టుడు గోళ్ళూ ఉండాల్సిందే. పెట్టుకోవద్దని నేననను. చూడముచ్చటగానే ఉంటాయి. నా గొడవంతా వాటిని తీయడం దగ్గరే.

మా అక్క కూతురు నర్సింగ్ చదివింది. మాఘమాసంలో పెళ్ళయింది. పెళ్ళికి ఒక పార్లర్‌లో పది వేళ్ళకీ గోళ్ళు పెట్టించారు. రెండు గంటలు కూర్చోబెట్టిన వాళ్ళు, వీటిని తీసేదెట్లాగో ఒక్క ముక్క చెప్పలేదు. నెల తిరిగేసరికి పిల్లకి సిటీలో ఆస్పత్రి ఉద్యోగం వచ్చింది. అత్తవారు ఒప్పుకున్నారు, మొదటి ఉద్యోగం, ఇంటిల్లిపాదికీ సంతోషం. తీరా చూస్తే ఈ గోళ్ళతో డ్యూటీలో చేరనివ్వమన్నారట.

అది వాళ్ళ చాదస్తం కాదు. రోగుల్ని ముట్టుకునే వాళ్ళు పెట్టుడు గోళ్ళు పెట్టుకోకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన సూచనల్లోనే ఉంది. ఎంత కడుక్కున్నా వాటి కింద సూక్ష్మక్రిములు నిలిచిపోతాయి. పొడుగు గోళ్ళకి చేతి తొడుగులు కూడా చిరుగుతాయి.

శనివారం మధ్యాహ్నం ఏడుపు మొహంతో మా ఇంటికొచ్చింది. "చిన్నమ్మా, రెండు పీకేసిన. ఇంక నాతోని కాదు" అని చెయ్యి చాపింది. చూసి నా ప్రాణం ఉసూరుమంది. చూపుడు వేలు, మధ్యవేలు గోళ్ళు ఉల్లిపొరలా పలచనై, ఎర్రగా తేలి ఉన్నాయి. గోరంటే పొరలు పొరలుగా ఉంటుంది కదా. పైన అంటించినదాన్ని బలవంతంగా లాగితే, దాంతోపాటు మన గోరు పైపొరలు కూడా ఊడొస్తాయి. నర్సుకి రోజుకి ఎన్నిసార్లు చేతులకి స్పిరిట్ రాసుకోవాలి! ఆ రెండు వేళ్ళకి స్పిరిట్ తగిలితే కళ్ళమ్మట నీళ్ళే. వాళ్ళమ్మేమో ఫోన్లో "ఒక్క నిమిషం ఓర్చుకుని అన్నీ పీకెయ్" అంటోంది. నేను ఫోన్ లాక్కుని "అక్కా, నువ్వు కాసేపు ఊరుకో" అన్నాను. మిగిలిన ఎనిమిది గోళ్ళయినా దక్కించుకోవాలి కదా!

మా వీధి చివర బ్యూటీషియన్ కోర్సు చేసిన అమ్మాయి ఉంది. పిలిస్తే వెంటనే వచ్చింది. ముందు గోళ్ళని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవి ఏ రకమో తెలియాలి ఆంటీ" అంది. నాకది కొత్త సంగతి. బజార్లో డబ్బాలో అమ్మే అంటించుడు గోళ్ళయితే గోరువెచ్చని సబ్బునీళ్ళలో పదిహేను నిమిషాలు నానబెట్టి, అంచుల్లో నూనె చుక్కలు వేసి, మెల్లగా కదిలిస్తే వచ్చేస్తాయట. జెల్ పాలిష్ అయితే అసిటోన్‌లో పది, పదిహేను నిమిషాలకి ఉబ్బి ముడతలు పడుతుంది. పొడి, ద్రవం కలిపి ముద్ద చేసి పెట్టేవి ఆక్రిలిక్ గోళ్ళు. వాటికి అరగంట పైమాటే. ఇంకొకటుంది, గట్టి జెల్. అది అసిటోన్‌కి కరగదు, పని తెలిసిన వాళ్ళు ఆకురాయితో అరగదీయాల్సిందే. కాబట్టి పెట్టించుకునే రోజే "ఇదేం రకం" అని అడిగి కాగితం మీద రాసుకోండి. మా పిల్లవి ఆక్రిలిక్.

అసిటోన్ అంటే నెయిల్ పాలిష్ రిమూవర్లో ఉండేదే. అయితే అన్ని రిమూవర్లలో ఉండదు. "అసిటోన్ లేనిది" అని రాసి ఉన్న సీసా ఈ పనికి దండగ. సీసా తేగానే నేను వంటింట్లోకి నడవబోతే ఆ అమ్మాయి "అమ్మో, అక్కడొద్దు" అని ఆపింది. అసిటోన్ ఆవిరి మామూలు గది వేడికే చప్పున అంటుకుంటుందట. స్టవ్, దేవుడి దగ్గర దీపం, అగరువత్తి, ఏదీ దగ్గరుండకూడదు. వెచ్చబెడితే త్వరగా పని అవుతుందని పొయ్యి మీద పెట్టేరు సుమా! తలుపులు, కిటికీలు తీసి, పిల్లల్ని పక్కింటికి పంపి, వరండాలో కూర్చున్నాం. ప్లాస్టిక్ గిన్నె కూడా వద్దు, కొన్ని ప్లాస్టిక్‌లు దానికి కరిగిపోతాయి. స్టీలు గిన్నె మేలు.

మొదట పొడుగు తగ్గించింది. ఒక్కసారే కటుక్కున కాకుండా, పక్కల నుంచి కొంచెం కొంచెంగా కత్తిరించింది. ఒకేసారి నొక్కితే గోరు నిలువునా చీలే ప్రమాదం ఉంది. తర్వాత పైన మెరుపు పోయేదాకా ఆకురాయితో రుద్దింది. ఆ మెరుపు పొర ఉంటే అసిటోన్ లోపలికి దిగదు. వేళ్ళ చుట్టూ చర్మానికి వాజలీన్ పట్టించింది. గోరంత దూది తుంచి అసిటోన్‌లో తడిపి గోరు మీద ఉంచి, పైన అల్యూమినియం ఫాయిల్ చుట్టింది. అదే, మనం చపాతీలు చుట్టి డబ్బాలో పెట్టే కాగితం! దూది పెద్దదైతే చర్మమంతా తడిసి తెల్లగా ఎండిపోతుంది. పీకేసిన రెండు వేళ్ళ జోలికి అసలు పోలేదు. వాటికి గుడ్డ చుట్టేసింది.

అరగంట. మా నెత్తి మీద ఎన్ని విమానాలు పోయాయో లెక్కపెట్టాం. పిల్ల ప్రతి ఐదు నిమిషాలకీ "తీసి చూద్దామా" అంటుంది. చేతుల మీద తువ్వాలు కప్పాను, ఒంటి వెచ్చదనానికి తొందరగా మెత్తబడుతుందని.

విప్పి చూస్తే ఆక్రిలిక్ నానిన మైనంలా ఉంది. ఐస్‌క్రీం పుల్లతో మొదలు నుంచి కొసకి మెల్లగా నెట్టింది. వచ్చినంత వచ్చింది, రానిదాన్ని వదిలేసి మళ్ళీ కొత్త దూది పెట్టి చుట్టింది. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. రాని చోట గీరకూడదు, చెంచా, చాకు మొన వాడకూడదు. మా పిల్ల కుడిచేతి బొటనవేలికి మూడుసార్లు చుట్టాల్సి వచ్చింది. మొత్తం రెండు గంటలు పట్టింది. పెట్టించుకోడానికి రెండు గంటలు కూర్చున్న దానివి తీయడానికి కూర్చోలేవా అన్నాను.

అయ్యాక చేతులు సబ్బుతో కడిగించి, గోళ్ళు పొట్టిగా కత్తిరించి, కొబ్బరినూనె మర్దనా చేశాం. పైన గరుకుగా ఉన్నా నున్నగా చేయొద్దంది. పలచబడిన గోరుని ఇంకా రుద్దితే ఏం మిగుల్తుంది?

"గోళ్ళు ఊపిరి పీల్చుకోవాలి" అంటుంటారు చాలామంది. గోరు ఊపిరి పీల్చదు, దానికి కావలసింది మొదట్లో రక్తం నుంచే అందుతుంది. పాడయ్యేది ఎక్కువగా లాగడం వల్ల, అతిగా అరగదీయడం వల్ల. అలాగని వీటివల్ల ఇబ్బందులు లేవని కాదు. వేళ్ళ చుట్టూ, కనురెప్పల మీద దురద, పొక్కులు వస్తే ఆ పదార్థం పడలేదన్నమాట, మళ్ళీ పెట్టించుకోకూడదు. పైకి లేచిన గోరు కింద నీరు చేరి పచ్చగా కనిపిస్తే రంగు వేసి దాచకండి, డాక్టర్‌కి చూపించండి. షుగర్ ఉన్నవాళ్ళు చిన్న గాయాన్నీ తేలిగ్గా తీసుకోకూడదు. చెప్పొచ్చేదేమంటే, జెల్ పాలిష్‌లలో వాడే టీపీఓ అనే రసాయనాన్ని యూరప్ దేశాల్లో 2025 సెప్టెంబర్ నుంచి నిషేధించారు. పార్లర్‌లో సీసా మీద ఏముందో అడిగి చదవడం మన హక్కే.

సోమవారం పిల్ల ఉద్యోగంలో చేరింది. ఎనిమిది గోళ్ళు బాగున్నాయి. పీకిన రెండు వేళ్ళు చూసిన పెద్ద నర్సమ్మ, పది రోజులు రోగుల దగ్గరికి పంపకుండా మందుల లెక్కలు రాసే పనిలో పెట్టింది. కోప్పడకుండా అలా సర్దినందుకు ఆవిడకి దణ్ణం పెట్టాలి.

గోరు నెలకి మూడు మిల్లీమీటర్లు పెరుగుతుందంతే. మైదాకు పెట్టుకున్న వాళ్ళకి ఈ లెక్క బాగా తెలుసు. ఆషాఢంలో పండిన రంగు దసరాకి సగం దాటి పైకి పోతుంది, సంక్రాంతికి కొసన చంద్రవంక మిగుల్తుంది. మొన్న మైదాకు రుబ్బి పిలిస్తే వచ్చింది. ఆ రెండు వేళ్ళ గోళ్ళూ మొదట్నుంచి గట్టిగా, నున్నగా వస్తున్నాయి. కొసన మాత్రం పాత పలచని ముక్క ఇంకా ఉంది, దుప్పటి దారం తగులుకుంటే చిరుగుతోందట. దాన్ని జాగ్రత్తగా కత్తిరించి, మైదాకు పెట్టాను.