చెవి మడతలో దూది

మా నాన్నలకి ఆస్తులు లేవు. చిటికెన వేలంత అత్తరు సీసా ఉండేది. సైకిళ్ళు బాగుచేసుకునేవాళ్ళం, దూదేకేవాళ్ళం, సంతల్లో గాజులమ్మేవాళ్ళం. వారమంతా ఒంటినిండా చెమటే. జుమ్మా రోజు తలకి పోసుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, ఆ సీసాలోంచి ఒక్క చుక్క తీసేవాళ్ళు. ముందు మణికట్టుకి, తర్వాత మెడకి. చివరికి కొంచెం దూది ముంచి చెవి మడతలో పెట్టుకునేవాళ్ళు. అరచేతికి అంటిన తడి మా తలలకి రాసేవాళ్ళు. సెంటులో స్పిరిట్ ఉంటుందని, నమాజుకి అత్తరే మేలని మా పెద్దల పట్టింపు. ఆరు రోజుల చెమటకి ఆ ఒక్క చుక్కే జవాబు.

ఆ చుక్కే మాకు గుర్తింపు కార్డయింది. ఆ దూదితో బస్సెక్కితే ఎవరూ మా పేరడగక్కర్లేదు. పక్కనున్నాయన కొంచెం అటు జరుగుతాడు. 'సాయిబుల వాసన' అని వెనకనుంచి ఎవరో నవ్వుతారు. ఆ నవ్వు మాకు కొత్తకాదు. బడిలో విన్నాం. అద్దె ఇల్లు వెతుక్కుంటూ తిరిగినప్పుడు విన్నాం.

సరే, మా వాసన ఎక్కడిదో చూద్దాం. అత్తరు అన్న మాట అరబ్బీనుంచి వచ్చిందే. మరి సీసాలో ఉన్నదో? ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో రాగి డేగుల్లో పూలూ నీళ్ళూ పోసి, మూత చుట్టూ మట్టి మెత్తి, కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టంలోంచి వెళ్ళి, నీళ్ళ తొట్టిలో ఉంచిన రాగి పాత్రలోకి దిగుతుంది. అందులో ముందే పోసివున్న చందనం నూనె ఆ పరిమళాన్ని పీల్చుకుంటుంది. గులాబీ అలాగే దిగుతుంది. ఒడిశాలోని గంజాం మొగలిపూలూ అలాగే దిగుతాయి. పూలే కాదు, కాల్చిన మట్టిపెళ్ళల్నీ అలాగే దించుతారు. తొలకరి చినుకు పడ్డ నేల వాసన అది. మా తాతలు పూసుకున్న మజ్మువాలో వట్టివేరూ, మొగలీ, మట్టీ కలిసుంటాయి. వీటిలో పరాయిదేది? మమ్మల్ని సరిహద్దు దాటి పొమ్మనేవాళ్ళు ఈ మట్టిని కూడా పొమ్మంటారా?

ఇంకో మాట. గుళ్ళో మీరు వెలిగించేది అగరొత్తి. దర్గాలో మేము వెలిగించేది ఊదొత్తి. అగరు సంస్కృతం, ఊదు అరబ్బీ. రెండూ ఒకే చెట్టు కలపకి పేర్లు. అస్సాం వైపు పెరిగే ఆ చెట్టుకి గాయమై బూజు పడితే, తనని తాను కాపాడుకోడానికి అది నల్లటి జిగురు ఊరుస్తుంది. పరిమళం ఆ జిగురుదే. మన ఊళ్ళల్లో పీర్ల ముందు వేసే ఊదు సాంబ్రాణే అయినా, పేరు మాత్రం ఆ చెట్టుదే. ఆ పొగలో మీ అమ్మలూ మా అమ్మలూ కలిసే నిలబడ్డారు. మీ పెళ్ళిపందిళ్ళలో పన్నీరు చల్లి, అత్తరు రాసి మర్యాద చేసింది కూడా మరిచిపోయారా?

ఈ ఊదునే 2002లో ఈవ్ సాన్ లోరాన్ కంపెనీ ఎం 7 పేరుతో మగవాళ్ళ సెంటు చేసింది. 2007లో టామ్ ఫోర్డ్ ఊద్ వుడ్ తెచ్చాడు. ఇప్పుడు అద్దాల షాపుల్లో ఊదు సెంటుకి వేలకి వేలు పోస్తున్నారు. పాతకాలపు మగతనం, నవాబుల దర్జా అంటున్నారు. గాజుబుడ్డిలోంచి వస్తే అభిరుచి. మా నాన్న చెవి మడతలోంచి వస్తే అనుమానం. ముక్కు అదే. మారింది మనిషి పేరు.

ఇటు మా సీసా పలచబడుతోంది. చందనం పిరమై, చౌక అత్తర్లలో పారఫిన్ నూనె చేరింది. దాన్నయినా కష్టం మీద కొనుక్కుంటాం. అసలు బాధ అది కాదు. ఉద్యోగం ఇంటర్వ్యూ ఉన్నరోజు మా పిల్లలు మెడ సబ్బుతో రుద్ది కడుక్కుని వెళుతున్నారు. చెవిలో దూది తీసి జేబులో దాచుకుంటున్నారు. గడ్డం తీసేసినట్టు, టోపీ మడిచి పెట్టుకున్నట్టు, పేరులో సగం మింగేసినట్టు వాసనని కూడా దాచుకోవాల్సి రావడం ఎంత అవమానమో, దాచుకోవాల్సిన అవసరం లేనివాళ్ళకి తెలీదు. కడుక్కోవద్దని పిల్లలకి ఎలా చెప్తాం? ఆ ఉద్యోగంతో ఇల్లు గడవాలి.

మాలో ఎవరైనా పోతే స్నానం చేయించి, తెల్లటి కఫన్‌కి కర్పూరం, అత్తరు అద్ది మట్టికిస్తాం. మట్టిలోంచి దించిన వాసన మళ్ళీ మట్టికే చేరుతుంది. ఆరోజు మీరూ వస్తారు. జనాజాకి భుజం పడతారు. మీ చొక్కాలకి మా అత్తరు అంటుకుంటుంది. ఎవరూ ముక్కు మూసుకోరు, దూరం జరగరు. ఆ మంచితనాన్ని మేము మరవలేదు. ఆ దగ్గరితనం కోసం మేము చచ్చిపోయేదాకా ఆగాలా అనే అడుగుతున్నాం.